బందరు సముద్రంతో దాళ్వా పండిస్తారట!

బెజవాడ, గుంటూరుల్లో ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. “ఇజ్రాయెల్ సముద్రపు నీటితోనే సేద్యం చేస్తోంది. బందరు దగ్గర ప్లాంట్లు పెడితే కృష్ణా నీళ్ల తగాదాలే ఉండవు. వెయ్యి లీటర్లకు నాలుగు యూనిట్ల కరెంటు చాలు. మిగిలిన ఉప్పు అమ్ముకోవచ్చు. సోలార్ పెడితే అంతా ఉచితం. అంతదాకా ఊళ్లో ఆర్వో ప్లాంటు వేస్టు నీళ్లు పాత బోరులోకి వదిలితే భూగర్భ జలం పెరుగుతుంది.” కింద రెండు దండాల బొమ్మలు.

నాలుగు యూనిట్ల మాట నిజమే. ఇది కూడా తప్పే అయి ఉంటుందనుకున్నాను, కాదు. ఉప్పును ఆపే పొర, అంటే మెంబ్రేన్‌లోంచి సముద్రపు నీళ్లు రావాలంటే 60 బార్ల (గాలి పీడనానికి దాదాపు 60 రెట్ల) ఒత్తిడి కావాలి. బయటికి పోయే చిక్కటి ఉప్పునీటి ఒత్తిడిని పట్టి, లోపలికొచ్చే నీటికి అందించే పరికరాలున్న ప్లాంట్లు మూడు, నాలుగు యూనిట్లతోనే నడుస్తున్నాయి. తాగే నీటికి అది భరించగల ఖర్చే. చెన్నై పక్కన మింజూరులో రోజుకు 10 కోట్ల లీటర్ల ప్లాంటు 2010లోనే పెట్టారు.

మరి వరికి? దాళ్వాలో, అంటే రెండో పంటకు, ఎకరాకు 50 లక్షల లీటర్లు వేసుకోండి. మెసేజ్ లెక్కనే 20,000 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలైతే లక్షా నలభై వేలు. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండి, 2025-26లో క్వింటాలుకు ప్రకటించిన 2,369 రూపాయల మద్దతు ధర పూర్తిగా దక్కినా చేతికొచ్చేది 53 వేలు. బందరు నుంచి తెనాలికి ఎక్కించే పంపుల బిల్లు ఇంకా కలపలేదు.

ఇజ్రాయెల్‌లో శుద్ధి చేసిన సముద్రపు నీళ్లు ప్రధానంగా ఇళ్ల కుళాయిల్లోకి వెళ్తాయి. ఆ ఇళ్ల మురుగునీటిని బాగుచేసి, అందులో దాదాపు 90 శాతాన్ని పొలాలకు పెడతారు. మన మురుగును అలా బాగుచేద్దామంటే ఎవరూ ఫార్వర్డ్ చేయరు. సముద్రమైతే ఫొటో బాగుంటుంది మరి.

ఉప్పు అమ్మకమా? మింజూరంత ప్లాంటు నుంచి రోజుకు 12 కోట్ల లీటర్ల ఉప్పునీళ్లు వస్తాయి. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆరినా 6,000 ఎకరాల ఉప్పు మళ్లు కావాలి. తుపాను రోజున ఏం చేస్తారో మెసేజ్ రాసినవారే చెప్పాలి.

రాత్రిపూట సోలార్ కరెంటు రాదు. ముందుకు పోదాం.

పై మాటలన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు, పాత బోరు సలహాను మాత్రం కాదు. ఎందుకంటే ఇది ఎవరైనా రేపు పొద్దున్నే చేసేయగలరు. టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన లవణాల మిల్లీగ్రాములు) 3,000 ఉన్న బోరు మీద గంటకు వెయ్యి లీటర్లిచ్చే ప్లాంటు ఉందనుకోండి. సగం మంచినీళ్లు, సగం రిజెక్ట్, అంటే ఆ వేస్టు నీళ్లు. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 8,000 లీటర్ల రిజెక్ట్, టీడీఎస్ దాదాపు 6,000. అంటే 48 కిలోల ఉప్పు. పైకి తోడిన ఉప్పంతా సగం నీళ్లలో కలిపి మళ్లీ కిందికే దించుతున్నారన్నమాట. పల్నాడు వైపు ఫ్లోరైడ్ బోరైతే అదీ రెట్టింపై దిగుతుంది. మెంబ్రేన్ కడిగిన ఆమ్లం, కాస్టిక్ కూడా అదే పైపులో పోతాయి.

పాత బోరు, కొత్త బోరు పక్కపక్కనే ఉంటే ఆ నీళ్లు తిరిగి ప్లాంటుకే వస్తాయి. టీడీఎస్ పెరిగేకొద్దీ మంచినీళ్లు తగ్గుతాయి. ప్లాంటు కుర్రాడు రిజెక్ట్ వాల్వు ఇంకాస్త బిగిస్తాడు. చివరి మెంబ్రేన్‌లో జిప్సం, సిలికా గట్టిగా పేరుకుంటాయి. “మెంబ్రేన్లు నాసిరకం” అని కొన్నవాడిని తిడతారు. ఈలోగా పక్కింటి చేతిపంపు కూడా ఉప్పగా మారుతుంది.

రిజెక్ట్‌ను మరుగుదొడ్లకు, అరుగులు కడగడానికి వాడండి. 6,000 టీడీఎస్ నీళ్లు మొక్కలకు పోయొద్దు. మిగిలింది సిమెంటు కాలువలోకి పోనివ్వండి. బోరు టీడీఎస్‌ను నెలకోసారి మీటరుతో చూసి గోడ మీద రాసిపెట్టండి. ఇంకుడు గుంతలోకి డాబా మీది వాన నీళ్లు తప్ప ఇంకేవీ దిగకూడదు. ఆ పాత బోరుకు మూత బిగించండి.