తాతలంతా నూరేళ్ళు బతికారా?

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ నెలకోసారి తిరిగి తిరిగి వస్తుంది. సారాంశం ఇదీ: "పూర్వం రాగి సంకటి తిని నూరేళ్ళు నిక్షేపంగా బతికారు. ఇప్పుడు డాక్టర్లు ఆయుష్షు పెంచారు గానీ పెరిగిందంతా మంచంలోనే. మాత్రలు మానేయండి, ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండండి." మొన్న మా బాబాయి పంపాడు, కింద రెండు దణ్ణాలు పెట్టి మరీ.

ముందు నూరేళ్ళ సంగతి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు. ఇప్పుడు 70. పసిపిల్లల చావులే ఆ సగటుని కిందికి లాగాయంటారు. చాలావరకు నిజమే. కానీ 60 దాటినవాళ్ళని విడిగా లెక్కేసినా, 1970ల మొదట్లో ఆపైన బతికింది సుమారు 14 ఏళ్ళు, ఇప్పుడు 18. అసలు లెక్కలెందుకు? అందరూ నూరేళ్ళు బతికేవాళ్ళయితే, అరవై నిండగానే మళ్ళీ తాళి కట్టించి, షష్టిపూర్తి అంటూ ఊరందరికీ భోజనాలు ఎందుకు పెట్టినట్టు?

ఇక "నిక్షేపంగా". మా నాయనమ్మ చివరి ఆరేళ్ళూ చూపు లేక అరుగు మీదే గడిపింది. బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేది. దొరికినదాన్ని నాలుక మీద పెట్టుకుని, రాయో నూకో తేల్చుకునేది. ఇంట్లో అందరూ "పెద్దదైపోయింది, అంతే" అనుకున్నారు. అవి శుక్లాలు. ఇవాళ అరగంట కూడా పట్టని ఆపరేషన్. మా పక్కింటి మామ్మగారు అది చేయించుకుని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని, నన్ను పిలిచి మరీ సూదిలో దారం ఎక్కించి చూపించారు.

పెరిగిందంతా మంచంలోనేనా? ఇందులో కొంత నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కల్లో మన ఆయుర్దాయం సుమారు 70, ఆరోగ్యంగా గడిచేది 60. అయితే ఆ పదేళ్ళూ చివర్లో వరసగా మంచాన పడి ఉండేవి కావు. మోకాళ్ళ నొప్పులు, చెవుడు, షుగరు లాంటివాటికి బతుకంతటా కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతే తేలిన మొత్తం అది. జపాన్‌లో అదే లెక్క 84, 74. వాళ్ళకి మనకంటే అదనంగా వచ్చిన 14 ఏళ్ళూ ఆరోగ్యంగానే గడుస్తున్నాయి కదా!

ఆఖరిది, "మాత్రలు మానేయండి". నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. బీపీ మాత్ర మానేసినవాళ్ళందరికీ ప్రాణం ఠక్కున పోదు. పక్షవాతం వచ్చి ఒక కాలూ చెయ్యీ పడిపోవచ్చు. పక్క గుడ్డలు మార్చడానికి కూడా ఇంకొకరు కావాలి. మెసేజ్ భయపెడుతున్న మంచం అదే.

బాబాయికీ బీపీ ఉంది. వెంటనే ఫోన్ చేసి, "మాత్ర వేసుకుంటున్నావా?" అని అడిగాను.

"ఊరికే ఫార్వర్డ్ చేశాలేరా," అన్నాడు. "నాది పొద్దున్నే అయిపోయింది."