మూడో హెచ్చరిక వచ్చాక చూద్దాం లెండి

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం. ఆ రోజు మా గోదావరి పక్క పొగగొట్టం ఉన్న ప్రతిచోటా ఓ షామియానా లేస్తుంది. కార్మికులకు ప్రమాదాల మీద అవగాహన లేదని, అది తామే కల్పించాలని పెద్దలు మైకులో బాధపడతారు. కార్మికులు "ఆయ్" అంటారు. మా జిల్లాల్లో ఆయ్ అంటే అర్థమైందని కాదు, మీరంటే గౌరవం ఉందని. కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసర్లకు ఈ తేడా తెలియక, రిజిస్టర్లో "శిక్షణ పూర్తి" అని రాసేసుకుంటారు.

ఈ నింద నేను సహించలేను. ప్రమాదాన్ని కొలవడంలో మమ్మల్ని మించినవాళ్లు ఎవరండీ? ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. మొదటిదానికి టీవీ పెడతాం. రెండోదానికి గేదెల్ని గట్టు మీదకి తోలతాం. మూడోదానికి బియ్యం బస్తా అటకెక్కించి, పడవ ఎప్పుడొస్తుందని అడుగుతాం. ఇంత పద్ధతిగా, అంకెల ప్రకారం భయపడే జనం ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

చిక్కల్లా గ్యాసుకి గోదావరికున్న మర్యాద లేకపోవడమే. హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతే తీసుకోండి. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు కంపు. అది మొదటి హెచ్చరిక. మోతాదు 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు, దాటాక కాసేపటికే ముక్కు పనిచేయడం మానేస్తుంది, కంపు తెలియదు. మనవాడు "హమ్మయ్య, గాలి తేటపడింది" అనుకుంటాడు. అది రెండోది. మూడోది అతనికి చెప్పరు, ఇంటికి కబురు పెడతారు.

"ఖాళీ ట్యాంకులో ఏముంటుందండీ?" అనేది ఈ పనుల్లో మామూలు మాట. నిజమే, ఒక్కోసారి ఏమీ ఉండదు, పీల్చడానికి గాలి కూడా. 2023 ఫిబ్రవరిలో పెద్దాపురం మండలం జి.రాగంపేటలో వంటనూనె ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్లో ఇలాంటి చోట దిగేవాడి గురించి ముచ్చటగా రాసుండేది: నడుముకి బెల్టు, బెల్టుకి తాడు, ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో. మా దగ్గర కూడా మనిషి బయట నిలబడతాడు. తాడే ఉండదు. లోపలివాడు పలక్కపోతే ఇతనూ దూకేస్తాడు. దీన్నే షామియానా కింద అవగాహనా లోపం అంటారు. తోటివాడు పడిపోతుంటే కదలకుండా చూస్తూ నిలబడటానికి ఎన్ని రోజుల శిక్షణ కావాలో మాత్రం చెప్పరు.

మా చిన్నాన్న ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద ఫిట్టర్ హెల్పరు. ఆయన లెక్క చాలా శాస్త్రీయం. దిగితే లోపల గ్యాసు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దిగనంటే మాత్రం రేపు గేటు దగ్గర పిలుపు ఉండదు, అందులో సందేహం లేదు. అనుమానాన్నీ ఖాయాన్నీ పక్కపక్కన పెట్టి తూచే మనిషికి అవగాహన లేదంటే ఎలా?

పైగా జాగ్రత్తలకేం లోటు? దసరాకి ప్రతి మిషనుకీ నిమ్మకాయ కడతారు. గ్యాస్ డిటెక్టరూ ఉంది, ఎవరైనా పట్టుకుపోతారని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. నిమ్మకాయనైనా ఏడాదికోసారి మారుస్తారు.

మా ప్రాంతంలో ఇంకో కొలత కూడా ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. దాన్ని చూసినవాళ్ల దృష్టిలో ప్రమాదమంటే అదీ. తక్కినవన్నీ "చిన్న లీకేనండి". 2014 జూన్‌లో నాగరంలో తెల్లవారుజామున గ్యాసు పైపులైను పేలి జనం ఇళ్లల్లోనే కాలిపోయేదాకా పైపులు కూడా ఆ చిన్న లీకుల ఖాతాలోనే ఉండేవి.

చిన్నాన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర "ప్రమాదం లేని రోజులు" అని ఓ బోర్డుంది. 500 నిండితే అందరికీ స్టీలు క్యారేజీలని చెప్పారు. 497వ రోజున ఆయన కుడిచేతి చూపుడువేలు పైపుల్ని కలిపే ఫ్లాంజిల మధ్య నలిగింది. సూపర్‌వైజరు మంచివాడే, సొంత బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు. దారిలో అడిగాడట:

"బాబాయ్, ఇంటి దగ్గర కొబ్బరికాయ కొడుతుంటే దెబ్బ తగిలిందని రాయించేద్దామా? మూడ్రోజులే కదా."

"ఆయ్."

చిన్నాన్నకి కొబ్బరిచెట్టు సంగతి అటుంచండి, పెరడే లేదు. నాలుగో రోజున షామియానా వేశారు. పేరు పిలిస్తే కట్టుతో ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని వేదికెక్కి, క్యారేజీ పుచ్చుకుంటూ మేనేజరుగారితో అన్నాడు:

"ఎడంచేత్తో అందుకుంటన్నానని ఏమీ అనుకోకండేం."