3995 మిల్లీమీటర్ల దేశం

ప్రపంచంలో గొప్ప కార్ల డిజైనర్ ఎవరని కార్ల పిచ్చి ఉన్నవాణ్ని అడిగితే ఇటలీ వాళ్ల పేరో, జర్మనీ వాళ్ల పేరో చెబుతాడు. నేనూ ఇరవై ఏళ్లు అలాగే చెప్పుకు తిరిగాను. ఇప్పుడు బుద్ధొచ్చింది. మన రోడ్ల మీద తిరిగే కార్లను చెక్కిన మహాశిల్పి ఢిల్లీలో ఉన్నాడు. ఆయన చేతిలో పెన్సిల్ ఉండదు, టేపు ఉంటుంది. ఆయన్ని పన్నుల శాఖ అంటారు.

ఆయన తొలి కళాఖండం 2006 బడ్జెట్. కారు పొడవు 4 మీటర్లు దాటకూడదు. ఇంజన్ పెట్రోల్‌దైతే 1200 సీసీ, డీజిల్‌దైతే 1500 సీసీ మించకూడదు. ఈ నియమాలు పాటిస్తే చిన్న కారు. ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి దిగుతుంది. ఒక్క మిల్లీమీటరు పొరపాటున పెరిగిందా, కులం మారిపోతుంది.

తరవాత జరిగింది చూడండి. డిజైర్ 3995 మిల్లీమీటర్లు. బ్రెజా 3995. వెన్యూ 3995. సోనెట్ 3995. వేరే వేరే కంపెనీలు, వేరే వేరే ఇంజనీర్లు, అందరికీ ఒకటే అంకె తట్టింది. ఒకే బెంచీ మీద కూర్చుని కాపీ కొట్టిన పిల్లల పేపర్లలో కూడా ఎక్కడో ఒక తేడా ఉంటుంది!

2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. డిక్కీలో 440 లీటర్ల చోటు. 2012లో కొత్తది వచ్చేసరికి పొడవు 3995, డిక్కీ 316. లక్ష్మణుడు శూర్పణఖ ముక్కుచెవులతో సరిపెట్టాడు గానీ, మనవాళ్లు తోక దగ్గర మొదలుపెట్టారు. ఆ పోయిన 124 లీటర్ల విలువ తెలియాలంటే సంక్రాంతికి తెనాలి నుంచి హైదరాబాదుకు తిరిగి రావాలి.

మా బావ కారు కూడా ఈ కోవలోదే. వేరే కంపెనీది, పేరు చెప్పను, ఆయనతో నాకు పనులుంటాయి. అమ్మ కట్టిచ్చిన బియ్యం మూట ఎక్కగానే డిక్కీ చేతులెత్తేసింది. అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని అక్క సూర్యాపేట దాకా వచ్చింది.

"ఒరేయ్, డిక్కీ ఇంత చిన్నదేమిట్రా?" అన్నాడు బావ.

"చిన్నది కాదు బావా, మిగతా చోటు పన్ను రాయితీ కింద జమైంది" అన్నాను. అక్క నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

పొడవుతో ఆగితే ఆయన మహాశిల్పి ఎలా అవుతాడు? 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీల సుంకం 27 నుంచి 30 శాతానికి పెరిగింది. మరి ఎస్‌యూవీ అంటే ఏమిటి? పొడవు 4 మీటర్లు, ఇంజన్ 1500 సీసీ దాటాలి, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు కడుపుకీ నేలకీ మధ్య ఖాళీ, 170 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉండాలి. మహీంద్రా వాళ్లు ఎక్స్‌యూవీ 500ని 160కి దించారు. అడవులు, కొండలు ఎక్కడానికి పుట్టిన బండి వంగి నమస్కారం పెట్టి బయటపడింది. దీన్ని కొందరు ఎగవేత అన్నారు. నేను వినయం అంటాను.

170 మిల్లీమీటర్ల ఖాళీ విలాసమన్న మాట నాకు బాగా నచ్చింది, మా వీధి స్పీడ్ బ్రేకర్ ఎక్కేదాకా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంటే పడుకున్న తాబేలు వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మా మేస్త్రికి ఆ పుస్తకం చేరలేదు. మిగిలిన సిమెంటు ఎంతో, స్పీడ్ బ్రేకర్ ఎత్తు అంత. ఒక శాఖ కారును కిందికి దించమంటుంది, ఇంకో శాఖ రోడ్డును పైకి లేపుతుంది. రెండూ కలిసే చోట నా సైలెన్సర్ ఉంది. కాబట్టి నాదొక మనవి. గొయ్యి లోతు 170 మిల్లీమీటర్లు దాటితే దాన్ని విలాసవంతమైన గొయ్యిగా ప్రకటించి, కాంట్రాక్టరు దగ్గర పన్ను వసూలు చేయాలి. మా కాలనీ ఒక్కటే బడ్జెట్ లోటు పూడుస్తుంది. గొయ్యి మాత్రం పూడదు.

ఇంతలో ఒక వేదాంత ప్రశ్న లేచింది. ఆ 170 కొలిచేది ఖాళీ కారునా, మనుషులెక్కిన కారునా? మా పెదమామయ్య ముందు సీట్లో కూర్చుంటే ఏ ఎస్‌యూవీ అయినా చిన్న కారైపోతుంది. 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ 50వ సమావేశం దీనికి తీర్పు చెప్పింది: ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలి. పెదమామయ్యలను పన్ను రాయితీగా వాడుకునే దారి ఆ రోజుతో మూసుకుపోయింది.

2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల 2000 సీసీ, అంతకు మించిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. నెల తిరిగేసరికి 2.2 లీటర్ల మహీంద్రా ఇంజన్‌కు 1.99 లీటర్ల తమ్ముడు పుట్టాడు. బలం మాత్రం అన్నదే, 140 హార్స్‌పవర్. ఢిల్లీ గాలికి ఆ తేడా తెలిసిందో లేదో గానీ, ఎనిమిది నెలలకు నిషేధం పోయి, 1 శాతం గ్రీన్ సెస్ వచ్చింది. సెస్ కడితే పొగ పచ్చగా వస్తుంది కాబోలు.

ఇదంతా మన ఒక్కరి తెలివే అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో ఒకప్పుడు పన్ను హార్స్‌పవర్‌కు ఇంతని ఉండేది, ఆ హార్స్‌పవర్‌ను లెక్కగట్టేది పిస్టన్ వ్యాసాన్ని బట్టి. దాంతో అక్కడి ఇంజన్లు దశాబ్దాల పాటు సన్నగా, పొడుగ్గా పెరిగాయి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ గదుల్లాగా. ఇటలీలోనూ ఒకప్పుడు 2000 సీసీ దాటితే పన్ను రెట్టింపు పైన ఉండేది. అందుకని సాక్షాత్తు ఫెరారీ వాళ్లు తమ దేశస్థుల కోసం 208 పేరుతో 2 లీటర్ల వీ8 చేశారు. ఫెరారీ అంతటిది టేపు ముందు తల వంచితే మా బావ కారెంత?

రేసుల సంగతి కూడా ఒక మాట. గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ కట్టి 2011 నుంచి మూడేళ్లు ఫార్ములా వన్ నడిపాం. మూడుసార్లూ జర్మనీ డ్రైవర్ వెటెల్ గెలిచాడనుకున్నాం. 2013 తరవాత కార్లు వెళ్లిపోయాయి, పన్నుల శాఖ మాత్రం ఆగలేదు. ఒంటరిగా ల్యాపులు కొట్టి కొట్టి 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో గీత దాటింది. ఆ సర్క్యూట్ ఫార్ములా వన్ కంపెనీకి మన దేశంలో స్థిర వ్యాపార స్థావరమే, ఇక్కడి ఆదాయానికి పన్ను కట్టాల్సిందే అని తీర్పు. పిట్ స్టాప్ లేకుండా ఆరేళ్ల రేసు! షాంపేన్ చల్లుకున్నారో లేదో తెలియదు.

2025 సెప్టెంబరు 22న రేట్లు మళ్లీ మారాయి. చిన్న కారుకు 18 శాతం, పెద్దదానికి 40. అదే 4 మీటర్లు, అదే 1200, అదే 1500. దేశం పెరిగింది, జనం పెరిగారు, మా బావ నడుము పెరిగింది, గీత మాత్రం కదల్లేదు.

రేటు తగ్గిందని బావ ఆ దసరాకు పాతది ఇచ్చేసి కొత్తది తీశాడు. 3995 మిల్లీమీటర్లు. పెద్దమ్మ గుడి దగ్గర పూజ. పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందు బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టారు. మంచి రసం నిమ్మకాయ. నాకు చెయ్యి ఆగలేదు, జేబులోంచి టేపు తీశాను.

"ఏంట్రా కొలుస్తున్నావు?" అన్నాడు బావ, హారతి కళ్లకద్దుకుంటూ.

4035.

"ఏం లేదు బావా. ఇంటికి వెళ్లేదాకా ఆ నిమ్మకాయ మీద ఏదైనా గుడ్డ కప్పు."