బీఎఫ్ఏ ఫస్టియర్‌ని కుదించకండి, ఇంకా గట్టి చెయ్యండి

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ (బీఎఫ్ఏ)లో పెయింటింగ్ చేద్దామని వస్తే ఈ బంకమట్టి ఏంటి, దూరం దగ్గర చూపించే పర్‌స్పెక్టివ్ గీతలేంటి, ఆర్ట్ హిస్టరీ పరీక్షలేంటి అని ఫస్టియర్ పిల్లలు విసుక్కుంటూనే ఉంటారు. నాలుగేళ్ల కోర్సులో ఏడాదంతా ఫౌండేషన్‌కే, అంటే ఈ పునాది పాఠాలకే పోతే ఎలా అని ఇంట్లోవాళ్లూ అంటారు. నా మాట ఒకటే, ఆ ఏడాదిలో ఒక్క రోజు కూడా తగ్గించొద్దు.

వాళ్ల బాధ అర్థంకానిది కాదు. ఫీజు, హాస్టల్, రంగుల ఖర్చు, బయట ఉద్యోగాలేమో యానిమేషన్‌లో, గేమింగ్‌లో. అయితే సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, రెండేళ్లకోసారి అది మారిపోతుంది కూడా. మనిషి నిలబడితే బరువు ఏ కాలి మీద పడిందో చూడటం మాత్రం మట్టి పిసికితేనే, వందల స్కెచ్‌లు వేస్తేనే వస్తుంది.

ఎంట్రన్స్ కోచింగ్‌లో చెంబు, యాపిల్, మడతల గుడ్డ బట్టీ పట్టి వచ్చిన పిల్లల్ని గమనించండి, పెన్సిల్ కంటే రబ్బరే ఎక్కువ తిరుగుతుంది చేతిలో. ఇలాంటివాళ్లని ఓ నెల శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల దగ్గర కూర్చోబెట్టాలి. కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ, వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారంతో కట్టిన కలం, బెల్లంలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి ఊరబెట్టిన నల్లరంగు, కసిం. ఉన్నిని వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది, గీసేటప్పుడు పలచగా ఉన్న గీత గుడ్డలోని కరక్కాయతో కలిసి నల్లబడుతుంది, ఇంక చెరపడం అనేది లేదు. గీత పెట్టకముందే అది ఎక్కడికి పోవాలో తెలిసుండాలి. డ్రాయింగ్ అంటే ఇదే కదా! గుడ్డమీద కథల బొమ్మలు వేసే చేర్యాల నకాశీ వాళ్లయితే చింతగింజల గంజి, సుద్దమట్టి కలిపి గుడ్డని తామే సిద్ధం చేసుకుంటారు, మన స్టూడెంట్ మాత్రం షాపులో రెడీమేడ్ కాన్వాస్ కొంటాడు, దానిమీద పూత ఏంటో కూడా అడగడు.

1919లో జర్మనీలోని వైమర్‌లో పెట్టిన బౌహౌస్ అనే ఆర్ట్, డిజైన్ స్కూల్లో ఇట్టెన్ అనే మాస్టారి ప్రిలిమినరీ కోర్సు దాటకుండా ఎవర్నీ వర్క్‌షాప్‌లోకి రానిచ్చేవాళ్లు కాదు, చెక్క, గుడ్డ, రాయి తడిమి తెలుసుకోవడం అందులో భాగం. అదే ఏడాది మొదలైన శాంతినికేతన్ ఆర్ట్ స్కూల్ కళాభవన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ పిల్లల్ని చెట్ల మధ్యకి, పల్లెల్లోకి తీసుకెళ్లి చూడటం నేర్పాడు. మన ఆర్టిస్టు లక్ష్మాగౌడ్ సంగతే చూడండి, హైదరాబాద్‌లో చదివి బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకోడానికి వెళ్లిన మనిషి, ఎచింగ్ (లోహపు రేకు మీద చెక్కి అచ్చు తీయడం), టెర్రకోట, కంచు, గాజు మీద బొమ్మలు, ఏదీ వదల్లేదు. ఫస్టియర్‌లోనే "నేను పెయింటర్ని, మట్టి ముట్టుకోను" అని గిరి గీసుకుంటే ఇలాంటి ఆర్టిస్టు ఎలా వస్తాడు?

ఇంకో మాట, ఫౌండేషన్‌కి ఏడాది పట్టడం అసలు కాలేజీ తప్పు కూడా కాదు. మన స్కూళ్లలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది పిల్లలు దాటిన బడికి ఆర్ట్ నేర్పే పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని. మీ ఊరి హైస్కూల్లో ఉన్నారేమో వెళ్లి చూడండి. పదేళ్లు బడిలో నేర్పాల్సింది ఒక్క ఏడాదిలో నేర్పమంటున్నాం, మళ్లీ ఆ ఏడాదినే కొయ్యమంటున్నాం. ముందు ఆ డ్రాయింగ్ మాస్టారి పోస్టులు నింపండి, ఫౌండేషన్ తగ్గించే మాట ఆ తర్వాత మాట్లాడదాం.