మహారాజశ్రీ కరెంటు మిషన్ గారికి

ఫిజియోథెరపీ సెంటర్లో మూలగదిలో వేంచేసి, నొప్పి ఉన్నచోట ప్యాడ్ల ద్వారా సన్నగా కరెంటు పంపుతున్న మిషన్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయలేను. కుశలం మీ ఒక్కరిదే, మోకాళ్లు నావి.

మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు, బెజవాడ ఎండలో ఆటోకి డబ్బులు పోసి వచ్చాను. మీకు కరెంటు లేదట. ఇన్వర్టరు ఫ్యాన్ల వరకేనట. "వచ్చేస్తుంది, కూర్చోండి ఆంటీ" అన్నారు. మోకాళ్లవాళ్లం, నడుములవాళ్లం, అందరం ఇంచుమించు నా సైజువాళ్లమే, వరసగా కూర్చున్నాం. ఐదున్నర దాటాక "ఇవాళ ట్రీట్‌మెంట్ లేదు, రేపు రండి" అన్నారు.

పోయింది కరెంటు. మా కాళ్లు కాదుగా? ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఎదురుగానే ఉంది. నాలుగేళ్లు చదివి, ఆపైన ఇంటర్న్‌షిప్ చేసిన పిల్ల. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో నిద్రలో లేపినా చెబుతుంది. చేతులు ఆనించకుండా ఆ కుర్చీల్లోంచే పదేసిసార్లు మమ్మల్ని లేపి కూర్చోబెడితే తొడలకి అదే వైద్యం. దానికి మీటరు తిరగదు. కానీ ఆమెకిచ్చిన పని మీ ప్యాడ్లు అతికించడం, మీరు కుయ్యిమనగానే వచ్చి పీకడం.

ఆర్థోపెడిక్ డాక్టరు గారు చీటీలో రెండే రాశారు: బరువు తగ్గాలి, ఫిజియోథెరపీ. మొదటిది ఎలాగో చెప్పే తీరిక ఆయనకు లేదు. రెండోది మీ పాలబడింది. ఒంట్లో కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. తమరు ఇప్పటిదాకా ఎన్ని గ్రాములు తగ్గించారో సెలవిస్తారా?

నడుద్దామంటే మా వీధి ఫుట్‌పాత్ మీద బజ్జీల బండి, దాన్ని ఆనుకుని బుల్లెట్టు. వాటికి వేరే ఉత్తరం రాస్తాను.

వ్యాయామాలు అసలు లేవని కాదు. వెళ్లేటప్పుడు చేతిలో పెట్టే కాగితంలో ఉన్నాయి. జిరాక్సుకి జిరాక్సు. అందులో మనిషి కాలు ఎత్తుతున్నాడో, ఎవరైనా లాగుతున్నారో తెలీదు.

మీ పూర్తి పేరు ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ అట. బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో మీ గురించి ఏమందో తెలుసా? అరిగిన కీళ్లకు వ్యాయామం చేయించండి, బరువెక్కువుంటే తగ్గేలా సాయపడండి, ఇంటర్‌ఫెరెన్షియల్, టెన్స్ లాంటి కరెంటు వైద్యాలు, అల్ట్రాసౌండ్ తరంగాల వైద్యం మాత్రం పెట్టకండి, పనిచేస్తాయనడానికి తగిన ఆధారం లేదు అంది. అంటే నువ్వూ, నీ అన్నదమ్ములూ! చీమలు పాకినట్టు ఉండడం తప్ప అసలు నువ్వేం చేస్తున్నావు నా కాలికి? వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించమనీ, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఆ 150 నిమిషాలైనా కదలడం లేదు, ఆడవాళ్లలోనైతే 57 శాతం. అందులోదాన్నే నేను. కదలడం నేర్పండి బాబూ అని డబ్బు కట్టి వస్తే, నన్ను మంచమెక్కించి పడుకోబెడతావా?

సెంటరువాళ్లనీ పూర్తిగా అనలేను. "లేచి కూర్చోమని చెప్పడానికి నాలుగొందలా?" అంది పక్క కుర్చీ ఆవిడ. మిషన్ పెడితే అదే నాలుగొందలు నోరెత్తకుండా ఇస్తుంది. మన జనానికి వైరు కనబడితేగానీ వైద్యంలా అనిపించదు, ఆ సంగతి వాళ్లకి బాగా తెలుసు.

అయినా ఒకటి చెప్పాలి. నీ ప్యాడ్లు పెట్టుకున్నప్పుడు పట్టే నిద్ర ఇంట్లో పట్టదు. ఆ కాసేపూ ఫోన్లుండవు, "అమ్మా, టీ" ఉండదు. ప్యాకేజీలో మిగిలిన సిట్టింగ్స్‌కి డబ్బు తిరిగివ్వరట, కాబట్టి వస్తాను. ఆ అమ్మాయిని మాత్రం నాకు వదిలెయ్. లిఫ్టు ఆగిపోయిన రోజు మూడో అంతస్తుకి ఎలా ఎక్కాలో ఆమె దగ్గర నేర్చుకోవాలి. నువ్వు అంతదాకా గోడవైపు తిరిగి కూర్చో.

ఇట్లు,
ప్యాకేజీ మొత్తం ముందే కట్టేసిన పేషెంటు