గోపాల్‌పూర్ చేపతో ఇంట్లో సుషీ చేయమనే ఆ మెసేజ్ దయచేసి ఇంక పంపకండి

పొద్దున్న లేచేసరికి ఫోన్లో అదే మెసేజ్ నాలుగోసారి. మొదట మా తోడల్లుడు పంపాడు. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత నాతో పదో తరగతి చదివినవాడొకడు "నువ్వు జపాన్ కంపెనీలో చేశావు కదరా, ఇది నిజమేనా" అని పంపాడు. నిన్న రాత్రి మా పిన్ని, జన్మలో చేప ముట్టని మా పిన్ని, రెండు దండాల బొమ్మలు పెట్టి మరీ పంపింది. దాని పేరు "మీ కాలనీలోనే మంచి సుషీ: ఏడు రహస్యాలు". అంబపువా వైపు కొత్త హోటల్ ఒకటి బోర్డు మీద నూడుల్స్, మోమోల కింద సుషీ అని కూడా రాయించిన దగ్గర్నించీ మన ఒడిశా బరంపురం తెలుగు గ్రూపులన్నిటికీ ఈ జ్వరం పట్టుకుంది.

చదవని అదృష్టవంతుల కోసం ఆ ఏడూ క్లుప్తంగా చెప్తాను. సుషీ అంటే పచ్చి చేప. అది మన పఖాళ (ఒడిశా చద్దన్నం) నుంచి పుట్టింది. ఊరి చివర హోటళ్ళలో మంచిది దొరకదు, సిటీ నడిబొడ్డునే దొరుకుతుంది. మెనూ ఎంత పెద్దదైతే హోటల్ అంత అసలైనది. గడ్డకట్టించిన చేప వాడేవాడు మోసగాడు, కాబట్టి గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డుకి వెళ్ళి పడవ దిగిన చేప కొనుక్కుని ఇంట్లోనే చేసుకోండి, వెనిగరూ వాసాబీ (సుషీతో ఇచ్చే ఘాటైన ఆకుపచ్చ ముద్ద) పురుగుల్ని చంపేస్తాయి, సముద్రం దూరమైనవాళ్ళు నిమ్మరసం పిండి చెరువు రోహు వాడుకోవచ్చు. సాల్మన్ ఎంత ఎర్రగా ఉంటే అంత మంచిది. చివరిది, కొత్త హోటల్‌కి వెళ్తే ముందు గుడ్డు అట్టు తెప్పించుకోండి.

సరే, మొదలుపెడదాం.

సుషీ అంటే పచ్చి చేప కాదు. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నం. దాని మీద దోసకాయ పెట్టినా సుషీయే, ఉడికించిన రొయ్య పెట్టినా సుషీయే. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలే పెడితే దాని పేరు సాషిమి. అయిపోయింది.

పఖాళ సంగతి. కళింగ భిక్షువులు ఓడలెక్కి వెళ్ళి జపాన్ వాళ్ళకి చద్దన్నం నేర్పారట, భువనేశ్వర్ దగ్గర ధౌళి కొండ మీద జపాన్ వాళ్ళు తెల్ల స్తూపం కట్టించడమే దానికి సాక్ష్యమట. ఆ స్తూపం 1970ల మొదట్లో కట్టారు బాబూ, మా నాన్న చూస్తుండగా. జపాన్‌లో 718 నాటి చట్టంలోనే పన్నుగా కట్టే సరుకుల్లో సుషీ పేరుంది. నిన్నగాక మొన్న కట్టిన గోపురం పదమూడు వందల ఏళ్ళ కిందటి వంటకి సాక్షి ఎలా అవుతుంది? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. తొలినాళ్ళ సుషీ ఉప్పు పట్టించిన చేపని అన్నంలో పూడ్చి నెలల తరబడి పులియబెట్టినదే. బివా సరస్సు పక్కన ఇప్పటికీ ఫునాజుషి అని చేస్తారు. మా కంపెనీకి ఒకాయన తెచ్చి డబ్బా మూత తీశాడు. ఎండు చేపల సంతలోంచి నడిచి వచ్చినట్టైంది, నాకైతే ఇల్లు గుర్తొచ్చింది. పులిసిన అన్నం ఉన్నచోటల్లా మనుషులకి ఒకే తెలివి పుడుతుంది, అంతే. దానికి మన భిక్షువుల్ని ఓడెక్కించక్కర్లేదు.

మంచి జపాన్ హోటల్ సిటీ నడిబొడ్డునే ఉంటుందన్న మాట దగ్గర నాకు నిజంగా నవ్వొచ్చింది. ప్లేట్లు బెల్టు మీద తిరుగుతూ వచ్చే సుషీ షాపు పుట్టిందే ఒసాకా పక్కన ఫ్యాక్టరీల శివారులో. 1958లో షిరాయిషి యోషియాకి అనే ఆయన, బీరు సీసాలు బెల్టు మీద పోవడం చూసి ఆ ఉపాయం పట్టుకున్నాడు. ఆ షాపుకి వచ్చింది చుట్టుపక్కల ఫ్యాక్టరీ పనివాళ్ళే.

నేను తొమ్మిదేళ్ళు చెన్నై బయట ఒరగడం దగ్గర కారు విడిభాగాల కంపెనీలో పనిచేశాను. మా జపాన్ సార్లు సాయంత్రం తినడానికి సిటీలోకి పోయేవాళ్ళు కాదు. రోడ్డు పక్క మేడ మీద ఒక చిన్న హోటలుండేది, కింద టైర్ల షాపు. మెట్ల దగ్గర వరసగా విప్పిన సేఫ్టీ షూలు కనిపిస్తే ఆ రోజు లోపల చోటు లేదని అర్థం. అక్కడ ఎక్కువమంది తినేది సుషీ కూడా కాదు, కర్రీ అన్నం, ఉప్పు రాసి కాల్చిన కనగర్త. సుషీ శుక్రవారం, శనివారం మాత్రమే. మంగళవారం వెళ్ళి అడిగితే ఆ వంటాయన తల కూడా ఎత్తకుండా "లేదు" అనేవాడు. ఆ "లేదు" అనేవాడి మీద నాకు కుదిరిన గురి, నలభై పేజీల మెనూ తెచ్చి ముందు పెట్టేవాడి మీద ఇప్పటిదాకా కుదరలేదు. (పెద్ద మెనూ పాయింటుకి కూడా ఇదే జవాబు. బిర్యానీ, మంచూరియా, పాస్తా, సుషీ ఒకే వంటింట్లోంచి వస్తున్నాయంటే చేప అందులో ఎన్నాళ్ళ నుంచి కాపురం చేస్తోందో అడగండి.)

జపాన్ ఇంజినీర్లు ఎక్కడ కాపురముంటే మంచి హోటళ్ళు అక్కడికే వస్తాయి. గురుగ్రామ్ చూడండి. తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ ఫ్యాక్టరీలున్నాయి, అది ఏ నగరానికి నడిబొడ్డు?

సాల్మన్ రంగు. పెంపకపు సాల్మన్‌కి ఆ రంగు మేతలో కలిపే పదార్థం వల్ల వస్తుంది. ఎంత ఎరుపు కావాలంటే అంత ఎరుపు. పైగా పచ్చి సాల్మన్ సుషీ జపాన్ వాళ్ళ తాతల నాటిదేం కాదు, 1980ల్లో నార్వే వాళ్ళు పనిగట్టుకుని వాళ్ళకి అలవాటు చేశారు. తర్వాతిది.

తర్వాతిదంటే ఐదోది, ఆ గోపాల్‌పూర్ చేప సంగతి. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను, మిగతా ఆరూ గాలికి పోయినా నాకు ఫర్వాలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు కుర్రాడు, బెంగళూరులో ఉద్యోగం, సెలవుల్లో వచ్చాడు. ఈ మెసేజ్ చదివి ఆదివారం పొద్దున్నే గోపాల్‌పూర్ వెళ్ళాడు. ఆరున్నరకి పడవ దగ్గర కనగర్తలు కొన్నాడు, ఇంకా మెరుస్తున్నాయట, కళ్ళు అద్దాల్లా ఉన్నాయట. వాటిని సంచిలో వేసి స్కూటీ డిక్కీలో పెట్టాడు. ఐసు లేదు. దారిలో టిఫిన్, బడా బజార్లో వెనిగర్ కోసం వెతుకులాట, పెట్రోలు. ఇల్లు చేరేసరికి పది. సోనా మసూరి వండి, చల్లార్చి, వెనిగర్ కలిపి, కనగర్త ముక్కలు కోసి మధ్యాహ్నం ఒంటిగంటకి వాళ్ళమ్మకి, చెల్లికి వడ్డించాడు. అరగంటలో ఆవిడ మొహం కందగడ్డలా ఎర్రబడింది, మెడంతా దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ. చెల్లికీ అంతే. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "చేప ఎన్ని గంటలు ఐసు లేకుండా ఉంది?"

కనగర్త, సూర, కవ్వళ్ళ లాంటి చేపల్ని వెచ్చగా వదిలేస్తే వాటి మాంసంలో బ్యాక్టీరియా హిస్టమిన్ తయారుచేస్తుంది. వాసన రాదు, రంగు మారదు. ఒకసారి తయారయ్యాక వేపుడు చేసినా పోదు, డీప్ ఫ్రీజర్‌లో పెట్టినా పోదు, వెనిగర్‌లో నానబెట్టినా పోదు. మే నెల ఎండలో స్కూటీ డిక్కీ ఎంత చల్లగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఆ ఇద్దరూ సాయంత్రానికి తేరుకున్నారు. కుర్రాడు మాత్రం ఇప్పటికీ "చేప తాజాదే అంకుల్" అంటున్నాడు. తాజాదే నాయనా, ఆరున్నరకి.

అది ఒక్కటే అయితే ఐసు పెట్టె కొనుక్కోండి అని ఊరుకునేవాణ్ణి. రెండోది పురుగులు. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి దారంలాంటి పురుగు ఉండొచ్చు. చేప తాజాగా ఉన్నంత మాత్రాన అది చావదు, చేపతో పాటు అదీ తాజాగానే ఉంటుంది. వెనిగర్‌లో రోజుల తరబడి బతుకుతుంది. ట్యూబులో దొరికే ఆకుపచ్చ పేస్టు, ఆవాల జాతి ముల్లంగి దుంపకి రంగేసింది, అది మీ ముక్కుని తప్ప దేన్నీ చంపదు. అసలు వాసాబి తెచ్చినా అంతే. అది నిజంగా పనిచేసేదైతే వాసాబి పుట్టిన జపాన్‌లోనే ఏటా వందల కేసులు ఎందుకు నమోదవుతున్నాయి?

పురుగుని నమ్మకంగా చంపేవి రెండే, వేడి, గట్టి చలి. అమెరికా ఆహార శాఖ లెక్క ప్రకారం పచ్చిగా తినే చేపని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులుంచాలి, లేదా మైనస్ 35లో రాయిలా గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. పెద్ద ట్యూనాకి, కొన్ని పెంపకపు చేపలకి మినహాయింపులున్నాయి, కనగర్తకి లేదు. మీ ఇంటి ఫ్రిజ్ పై అర మైనస్ 18 దాకా వెళ్తే గొప్ప, అది కూడా మీ పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం తలుపు తీయకుండా, కరెంటు పోకుండా ఉంటే. ట్యూనా పడవలు దూర సముద్రంలో చేపని మైనస్ 60లో గడ్డకట్టించి తెస్తాయి, టోక్యో తొయోసు చేపల మార్కెట్లో దాన్ని కూడా వేలం వేస్తారు. గడ్డకట్టించిన చేప వాడేవాడు మోసగాడట! మనవాడి లెక్కన తొయోసు మార్కెట్ మొత్తం మోసగాళ్ళే.

మూడోది బ్యాక్టీరియా, ఇది చలికి కూడా పూర్తిగా లొంగదు. వెచ్చటి తీరపు నీళ్ళలో ఉండే విబ్రియో రకం ఒకటి మొదటిసారి బయటపడింది కూడా జపాన్‌లోనే. 1950లో ఒసాకాలో సగం ఎండిన చిరుచేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. పచ్చి చేపని తరతరాలుగా తింటున్న దేశం అది. తింటున్నారంటే ధైర్యంతో కాదు, భయంతో తింటున్నారు. కత్తి వేరు, చెక్క వేరు, ఐసు వేరు. జపాన్ ఎడో కాలంలో (1868కి ముందు) సుషీ అమ్మినవాళ్ళు చాలా చేపల్ని ఉప్పులోనో వెనిగర్‌లోనో సోయాలోనో ఊరబెట్టో, ఉడికించో పెట్టేవాళ్ళు, అప్పుడు ఫ్రిజ్‌లు లేవు కాబట్టి.

ఇక రోహు. ఈ ముక్క రాసినవాడు ఎవడో నాకు తెలిస్తే ఇంటికెళ్ళి మాట్లాడేవాణ్ణి. చెరువు చేప, ఏటి చేప పచ్చిగా తినకండి. ఒక్క ముక్క కూడా వద్దు, నిమ్మకాయ పిండినా వద్దు, మందు పోసి నానబెట్టినా వద్దు. థాయ్‌లాండ్ ఈశాన్యంలో పచ్చి ఏటి చేపల వంటకం తినే అలవాటు వల్ల కాలేయంలో చేరే పురుగు జనాన్ని పట్టుకుంది, దాని నుంచి పిత్తనాళాల క్యాన్సర్ దాకా వెళ్ళింది. ఆ పురుగుని క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే జాబితాలో పెట్టింది. జపాన్ వాళ్ళలో కూడా చాలామంది మంచినీటి చేప పచ్చిగా తినడానికి వెనకాడతారు. మన మెసేజ్ మహానుభావుడికి మాత్రం "నిమ్మరసం చాలు".

పోయిన వారం నేనూ గోపాల్‌పూర్ వెళ్ళాను, పులుసుకి చందువలు కొందామని. ఫైబర్ బోటు ఒడ్డుకి లాగారు, వల విదిలిస్తున్నారు, చేపలు ఇసక మీదే పడుతున్నాయి, పక్కన కుక్క, దాని పక్కన కాకులు. సత్తు బేసిన్‌లో చేపలేరుకుంటున్న ఒక పెద్దామెని అడిగాను, ఈమధ్య పచ్చిగా తినడానికని ఎవరైనా కొంటున్నారా అని. ఆమె చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది. "ఆ కుర్రోళ్ళు పచ్చిదే తింతారా బాబూ? మా తాతల్నించీ ఈ సముద్రం మీదే బతుకుతన్నాం, ఎవుడూ తిన్లేదు. పులుసెట్టుకోండి" అంది. కుర్రాళ్ళు అడిగి మరీ తీసుకెళ్తున్నారట, "కళ్ళు మెరిసేవి ఇవ్వమ్మా" అని.

తెలుగు మాట్లాడే ఆ నోలియా (జాలరి) అమ్మ మాట వినరు, ఎక్కడో కూర్చుని టైపు కొట్టినవాడి మాట వింటారు. కానివ్వండి.

ఇప్పుడు ఏడోది, గుడ్డు అట్టు. దీన్ని చదివి మా ఆవిడా నేనూ పడీపడీ నవ్వాం, సుషీ హోటల్‌కెళ్ళి ఆమ్లెట్టా అని. తర్వాత ఒరగడం రోజులు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. మా సూపర్‌వైజర్ కొత్త చోటుకెళ్తే చేసేది సరిగ్గా అదే. మడతలు మడతలుగా చుట్టిన తమగో తెప్పించి, ఒక కొన కొరికి, తర్వాతే మిగతావి చెప్పేవాడు. చేప బాగుంటే ఆ గొప్ప సముద్రానిది, గుడ్డు బాగుంటే వంటవాడిది అనేవాడు. కాబట్టి మెసేజ్ రాసినవాడికి ఏడింట ఒకటి. వాడెక్కడ విన్నాడో కానీ సరిగ్గానే విన్నాడు.

దాంతో మొన్న శనివారం ఆ అంబపువా హోటల్‌కే వెళ్ళాం, తిట్టుకుంటూనే. తమగో ఉందా అన్నాను. ఉంది. తీపి కొంచెం ఎక్కువైంది, కానీ మడతలు విడిపోలేదు, ఎవరో చేయి తిరిగినవాళ్ళే చేశారు. అన్నం మాత్రం ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినట్టు చల్లగా, పలుకుగా ఉంది. అది ఒంటి వెచ్చదనంలో ఉండాలి, ఆ మాట చెప్పి వచ్చాను. పచ్చి చేపతో ఏమైనా ఉందా అని పరీక్షకి అడిగాను. ఆ కుర్రాడిది కవిటి వైపట, చేతులు కట్టుకుని, "లేదు సార్, మేం పెట్టం. ఉడికించిన రొయ్య ఉంది, దోసకాయ రోల్ ఉంది" అన్నాడు.

రెండు ప్లేట్లు దోసకాయ రోల్ చెప్పాం.