గేటుకు తాళం పడింది, తేదీ మాత్రం పడలేదు

బోధన్, మెట్‌పల్లి, ముంబోజిపల్లిలోని నిజాం దక్కన్ షుగర్స్ యూనిట్లకు యాజమాన్యం 2015 డిసెంబరులో లేఆఫ్ (ఉద్యోగం ఉంచి పని ఆపడం) ప్రకటించింది. మూసేస్తున్నామని మాత్రం అనలేదు. ఆ తర్వాత ఎన్నికలు వచ్చినప్పుడల్లా 'తెరిపిస్తాం' అన్న హామీ కూడా వచ్చింది. ములుగు జిల్లా కమలాపురం రేయాన్స్‌ ఫ్యాక్టరీలో 2014 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆగితే అక్కడా అదే ఎదురుచూపు. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగి, దివాలా ప్రక్రియలో జేకే పేపర్ చేతికి వెళ్లి 2018లో మళ్లీ కదిలింది. తెరుచుకున్న మిల్లుకే నాలుగేళ్లు పట్టింది. గేటు ముందు టెంటు వేసుకున్నప్పుడు నలభై రెండేళ్లున్న ఫిట్టర్‌కు తాళం తీసేనాటికి నలభై ఆరు.

కంపెనీ మూతపడితే మొదటి దెబ్బ జీతం ఆగడమే. రెండో దెబ్బ అంత తొందరగా కనపడదు: ఉద్యోగం పోయిందో లేదో తేల్చే కాగితం ఉండదు. గ్రాట్యుటీ, పరిహారం, పీఎఫ్, ఈఎస్ఐ భృతి, దివాలా క్లెయిమ్... వీటన్నిటికీ గడువు లెక్కపెట్టేది ఒక తేదీ నుంచే. ఆ తేదీ రాసివ్వకుండా కాలం సాగదీస్తే లాభం యాజమాన్యానిది. 'తెరుస్తారట' అనుకుంటూ కూర్చుంటే నష్టం కార్మికుడిది.

చట్టం దృష్టిలో లేఆఫ్ అంటే ఉద్యోగం ఉంది, పని లేదు. బేసిక్, డీఏల మొత్తంలో సగం రావాలి. ఉద్యోగ సంబంధం తెగలేదు కాబట్టి గ్రాట్యుటీ అడగడానికి వీల్లేదు. మూసివేత అంటే సంబంధం తెగినట్టు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ మూతకు ప్రభుత్వ అనుమతి కావాలి. పాత కేంద్ర చట్టంలో ఈ గీత 100 దగ్గరే ఉండేది. అంటే మధ్య తరహా యూనిట్లు చాలావరకు ఇప్పుడు అనుమతి అడగక్కర్లేదు. 50 మంది, అంతకు మించి ఉంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అంతే. ఆ నోటీసు ప్రతి, గేటుకు అంటించిన కాగితం ఫొటో, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, హాజరు కార్డు ముందు దగ్గర పెట్టుకోవాలి. ఆఫీసు కంప్యూటర్లు వేలానికి వెళ్లాక ఇవేవీ దొరకవు.

ఎక్కువమంది మోసపోయేది రాజీనామా కాగితం దగ్గర. 'ఒక సంతకం పెట్టండి, ఫుల్ అండ్ ఫైనల్ త్వరగా చేస్తాం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా శుభ్రంగా ఉంటుంది' అని అడుగుతారు. సంతకం పెట్టిన రోజునే మూసివేత పరిహారం పోతుంది. దాని విలువ ఎంతో లెక్క వేద్దాం. బేసిక్, డీఏ కలిపి నెలకు 26,000, పద్నాలుగేళ్ల సర్వీసు అనుకుందాం. గ్రాట్యుటీకి 26 రోజుల నెల లెక్క కాబట్టి ఏడాదికి 15,000 చొప్పున 2,10,000. ఇది రాజీనామా చేసినా వస్తుంది. మూసివేత పరిహారం వేరు. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, అంటే 13,000 చొప్పున మరో 1,82,000. దానిపైన నోటీసు ఇవ్వకపోతే నెల జీతం. ఒక్క సంతకంతో రెండు లక్షలు దాటిన సొమ్ము చేజారుతుంది.

సంతకం పెట్టనివాళ్ల దగ్గర రెండో ఎత్తు వేస్తారు. యాజమాన్యం చేతిలో లేని, తప్పనిసరి పరిస్థితుల్లో మూస్తే పరిహారం మూడు నెలల వేతనానికి మించనక్కర్లేదని చట్టంలో ఒక మినహాయింపు ఉంది. పై లెక్కలో అది 78,000 మాత్రమే. నష్టాలొచ్చాయని, సరుకు పేరుకుపోయిందని, లీజు గడువు తీరిందని చెప్పి ఈ మినహాయింపు వాడుకోబోతారు. ఈ మూడూ 'తప్పనిసరి పరిస్థితులు' కావని అదే సెక్షన్ వివరణలో రాసి ఉంది. లేబర్ ఆఫీసులో వేసే అర్జీలో ఈ ఒక్క వాక్యం ఉదహరిస్తే మాట తీరు మారుతుంది. వేతనాల కోడ్ ప్రకారం మూసివేత వల్ల పని పోయినవాళ్లకు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో, సామాజిక భద్రత కోడ్ ప్రకారం గ్రాట్యుటీ 30 రోజుల్లో చేతికి రావాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొట్టి పోతే ఆ బాధ్యత అసలు కంపెనీదే. కాంట్రాక్టు కార్మికులు అర్జీలో రెండు పేర్లూ రాయాలి.

కంపెనీ దివాలా కేసులు విచారించే ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్తే ఆట మారుతుంది. దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ పత్రికల్లో ప్రకటన ఇస్తారు, క్లెయిమ్‌కు 14 రోజులంటారు. ఒక్కొక్కరు విడిగా వేసుకునేది ఫామ్-డి, యూనియన్ అందరి తరఫున వేసేది ఫామ్-ఈ. ఫీజు లేదు. 14 రోజులు దాటినా 90 రోజుల దాకా అవకాశం ఉంటుంది. ఆ తర్వాత తలుపు దాదాపు మూసినట్టే. కంపెనీ చివరికి లిక్విడేషన్‌కు (ఆస్తులమ్మి బాకీలు తీర్చే దశకు) వెళ్తే కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమానంగా వస్తాయి. కార్మికుడి నిర్వచనంలోకి రాని ఉద్యోగులకు 12 నెలల బకాయిలే, అవీ ఒక మెట్టు కింద. పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధులు అసలు ఆ పంపకంలోకే రాకూడదు. ఇక్కడ 'నిధి' అన్న మాట ముఖ్యం. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్ కేసులో, గ్రాట్యుటీ నిధే లేనప్పుడు లిక్విడేటర్ దాన్ని ప్రత్యేకంగా తెచ్చి ఇవ్వక్కర్లేదని 2020లో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్ఏటీ తేల్చింది. అందుకే కంపెనీ నడుస్తుండగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గ్రాట్యుటీ ఎల్ఐసీ గ్రూపు పాలసీలో ఉందా, కంపెనీ పుస్తకాల్లో అంకెగా మాత్రమే ఉందా? యూనియన్లు జీతం ఒప్పందాల్లో క్యాంటీన్ టీ రేటు గురించి పట్టుబట్టినంతగా దీని గురించి పట్టుబట్టవు.

ఇక పీఎఫ్. మూతపడ్డ కంపెనీ 'డేట్ ఆఫ్ ఎగ్జిట్' నమోదు చేయదు, క్లెయిమ్ ముందుకు కదలదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే మెంబర్ పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' చేసుకోవచ్చు, ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కు ఓటీపీ వస్తే చాలు. ఆ ఫోన్ నంబరు కంపెనీ ఇచ్చిన సిమ్‌దైతే ముందు దాన్ని మార్చుకోవాలి. తర్వాత జరిగే తప్పు నెట్ సెంటర్‌లో జరుగుతుంది. పీఎఫ్ తీయడానికి ఫామ్-19, పెన్షన్ వాటాకు ఫామ్-10సీ. నెట్ సెంటర్ కుర్రాడు రెండూ కలిపి కొట్టేస్తాడు. పదేళ్లు నిండనివాళ్లకు పెన్షన్ వాటా చిన్న మొత్తంగా చేతికొస్తుంది, అప్పటిదాకా చేసిన సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. అదే 10సీలో స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే ఆ ఏళ్లు తర్వాతి ఉద్యోగంలో కలుస్తాయి. ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదేళ్ల ఆరు నెలల సర్వీసుంటే పెన్షన్ హక్కు వచ్చేసినట్టే. అది తెలియక చిన్న మొత్తం కోసం వదులుకున్నవాళ్లు ఉన్నారు.

తీయకుండా వదిలేస్తే వడ్డీ ఆగిపోతుందన్నది పాతబడిన మాట. వయసు 58 దాటేదాకా వడ్డీ పడుతుంది. 2024-25 రేటు 8.25 శాతం ప్రకారం మూడు లక్షలకు ఏడాదికి 24,750. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను అంటారు కానీ, యజమాని వ్యాపారం ఆగిపోవడం వల్ల ఉద్యోగం పోయినవాళ్లకు ఆ నియమం వర్తించదు. మూసివేత నోటీసు ప్రతి ఇక్కడా పనికొస్తుంది. ఎంత సొమ్ము ఎప్పుడు తీయవచ్చన్నదానిపై 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ కేంద్ర బోర్డు కొత్త నిర్ణయం తీసుకుంది: 75 శాతం వెంటనే, మిగతాది ఏడాదికి, పెన్షన్ వాటా 36 నెలలకు. క్లెయిమ్ వేసే రోజున పోర్టల్ ఏ గడువు చూపిస్తోందో చూసుకుని దిగాలి.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్టినవాళ్లలో ఎక్కువమందికి తెలియని పథకం రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూత వల్ల ఉద్యోగం పోతే, రెండేళ్ల చందా ఉన్నవారికి మొదటి 12 నెలలు సగటు రోజు వేతనంలో సగం, తర్వాతి 12 నెలలు పావు వంతు భృతి, ఆ కాలమంతా కుటుంబానికి వైద్యం. కారణం 'మూసివేత' అని కాగితంలో ఉండాలి. రాజీనామా సంతకం ఇక్కడా కొంప ముంచుతుంది. 90 రోజుల భృతి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వేరే. భృతి రాకపోయినా ఆసుపత్రి కార్డు వెంటనే చెల్లకుండా పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య కట్టిన చందాకు తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా వైద్య ప్రయోజనం ఉంటుంది. ఆగస్టులో గేటు మూస్తే పైసంవత్సరం జూన్ లోపల ఇంట్లో పెద్దవాళ్ల కంటి ఆపరేషన్లు పూర్తి చేయించుకోవచ్చు.

బ్యాంకు సంగతి క్లుప్తంగా. కిస్తీ 90 రోజులు ఆగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. మొదటి కిస్తీ తప్పకముందే మూసివేత నోటీసుతో మేనేజరును కలిస్తే గడువు పెంచడం గురించి మాట్లాడటానికి వీలుంటుంది, మూడో నెల తర్వాత మాట్లాడేది రికవరీ ఏజెంటు.

సెటిల్‌మెంట్ డబ్బు చేతికి రాగానే దుకాణం పెట్టడం మన ఊళ్లలో ఆనవాయితీ. మూతపడిన మిల్లు కాలనీలో ఒకే ఏడాది పది కిరాణా కొట్లు లేస్తాయి, కొనేవాళ్లు కూడా జీతం పోయినవాళ్లే. అయిదు లక్షలు పెడితే అడ్వాన్సు, ర్యాకులు, ఫ్రిజ్‌కు రెండు లక్షలు పోయి, మూడు లక్షల సరుకులో సగం ఆరో నెలకు ఉద్దెర పుస్తకంలో ఉంటుంది. వ్యాపారమే చేయాలనుకుంటే స్వయం ఉపాధికి కేంద్రం సబ్సిడీతో ఇప్పించే పీఎంఈజీపీ రుణం చూడాలి. తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల దాకా ప్రాజెక్టు, గ్రామీణ ప్రాంతంలో జనరల్ వారికి 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు. దాన్ని పెట్టుబడిగా లెక్కేసుకుని దిగినవాళ్లే మధ్యలో చిక్కుకుంటారు.

బోధన్, మెట్‌పల్లి వైపు రెండో దారి గల్ఫ్. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000, దానిపై జీఎస్టీ. అంతకు పదింతలు అడుగుతూ విజిట్ వీసా మీద పంపుతానంటే ఆ సెటిల్‌మెంట్ డబ్బు కూడా మూతపడ్డట్టే.

పని వచ్చినవాడికి పని దొరుకుతుందంటారు. దొరకనిది అతని పనికి పేరు. పల్ప్ మిల్లులో 'గ్రేడ్-3 ఆపరేటర్' అంటే బయట ఎవరికీ అర్థం కాదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో హోదా ఒక్కటే ఉంటే అది పనికిరాని కాగితం. ఏ యంత్రం, దాని సామర్థ్యం గంటకు ఎన్ని టన్నులు, ఎన్ని కిలోల ప్రెషర్ బాయిలర్, ఎంతమంది షిఫ్ట్ నడిపాడు, ఏ కంట్రోల్ ప్యానెల్ మీద చేశాడు... ఈ నాలుగైదు లైన్లు ఉంటే ఫార్మా, సిమెంటు, పవర్ ప్లాంట్లలో అడిగేవాళ్లుంటారు. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్, వైర్‌మన్ పర్మిట్ లాంటివి ప్రభుత్వ శాఖలు ఇచ్చేవి, కంపెనీ పోయినా ఉంటాయి. ఐటీఐ లేకుండా పని నేర్చుకున్నవాళ్లకు నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ ఉంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ముసాయిదా కార్మికుడే రాసుకుని వెళ్లాలి, ఎందుకంటే పర్సనెల్ ఆఫీసరుకు కూడా అదే నెల ఆఖరి జీతం. ఆయన కుర్చీలో ఉండగానే సంతకం, స్టాంపు పడాలి.